నీలం పుస్తకంలో నాలుగులు

సందెదీపం వెలిగించి, చేతికంటిన నూనె కొంగుకు తుడుచుకుంటూ వచ్చి జ్ఞానప్రసూనాంబ నీలం అట్ట పుస్తకం తెరిచింది. ప్రతి సోమవారం ఈ వేళకి ఆ పుస్తకం రాయడం ఆమెకు అలవాటైపోయింది. ఇది పన్నెండో వారం, ఆఖరిది.

పుస్తకం నందిగామలోని ఒక పునరావాస కేంద్రం వాళ్ళది. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళ మీద అక్కడ పరిశోధన నడుస్తోంది. మూలికల నూనెతో మర్దన, ఒక చెక్కపెట్టెతో వ్యాయామం ఇంట్లోనే చేయించాలి. మనిషి ఏ పని ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడో ఇంట్లోవాళ్ళు వారానికోసారి పుస్తకంలో గుర్తుపెట్టాలి. గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగారా? తలుపు గడియ తీశారా? చొక్కా గుండీ పెట్టుకున్నారా? అన్నం కలుపుకుని తిన్నారా? ఇలాంటివి పదిహేను. ఒక్కోదాని ఎదురుగా సున్నా నుంచి ఐదు దాకా అంకెలు. చెయ్యి బొత్తిగా కదలకపోతే సున్నా చుట్టూ గీత గియ్యాలి. పూర్వంలా పనిచేస్తుంటే ఐదు చుట్టూ.

ప్రసూనాంబ కళ్ళజోడు సర్దుకుని గ్లాసు ఎదురుగా నాలుగు చుట్టింది. గడియకి నాలుగు. గుండీకి మూడు వేద్దామా అని కలం ఓ క్షణం ఆపి, మళ్ళీ నాలుగే చుట్టింది. అన్నం కలుపుకుని తినడం దగ్గర మాత్రం తన కుడిచేతి వంక ఓసారి చూసుకుంది. మధ్యాహ్నం పులుసన్నం ముద్దలు చేసి భర్త నోటికందించింది ఆ చెయ్యే మరి. అక్కడా నాలుగే.

ఆవిడ అబద్ధాలకోరు కాదు. జగ్గయ్యపేట బజార్లో ఎవర్నడిగినా చెబుతారు. కానీ లేదు, పోయింది, అయిపోయింది అనే మాటలు ఆవిడ నోట రావు. రావంటే రావు. పంచదార డబ్బా ఖాళీ అయితే 'పంచదార తేవాలి' అంటుందే గాని అయిపోయిందనదు. బంధువుల్లో ఎవరికో సెలైన్ ఎక్కుతోందన్నా 'కాస్త నలతగా ఉన్నారట' అనే చెబుతుంది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, దీపాలవేళ మనం ఏది నోరుజారితే దానికి తథాస్తు అనేసి చక్కాపోతారనీ ఆమెకు ఉగ్గుపాలతో పట్టిన నమ్మకం. అలాంటి మనిషి కట్టుకున్నవాడి కుడిచేతికి ఎదురుగా, అదీ దీపాలవేళ, సున్నా చుడుతుందా! ఐదూ వెయ్యదు. ఐదు వేస్తే దిష్టి. నాలుగైతే ఏ బాధా లేదు.

కిటికీ పక్క బల్ల దగ్గర దశరథరామయ్య పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. పత్తి వ్యాపారి. ఐదు నెలల కిందట ఓ పొద్దున పళ్ళు తోముకుంటూ కూలబడిపోయాడు. తర్వాత మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, చెయ్యి రాలేదు. మనకేం భయం గనక, అనేద్దాం. రాలేదు.

కుడిచెయ్యి పెట్టె లోపల పెట్టాలి. ఎడమచెయ్యి పెట్టె పక్కన బల్లమీద పెట్టాలి. ఆ రెంటికీ మధ్యనున్న చెక్క పలక వంకే చూస్తూ, రెండు చేతుల్నీ ఒకేలా తెరిచి ముయ్యాలి. రామయ్య ఎడమచెయ్యి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పెట్టెలో ఉన్నది పెట్టెలోనే ఉంది. ఆయన పలక మీది చారలు చూస్తూ లోపల్లోపలే లెక్కపెడుతున్నాడు. ఎనభై. ఎనభై ఒకటి.

"ఎంత వేశావు?" అన్నాడు తల తిప్పకుండా.

"నాలుగండీ. బాగానే ఉందిగా."

ఆయన వంద దాకా లెక్కపెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పెట్టెలోంచి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ నూనె గిన్నె తెచ్చి ఎదురుగా కింద కూర్చుంది. భుజం దగ్గర మొదలుపెట్టి మోచెయ్యి, మణికట్టు, ఒక్కో వేలూ సాగదీస్తూ, కేంద్రంలో నేర్పినట్టే రాసింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. విప్పితే విచ్చుకుంటాయి, వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి.

"మొన్నటికంటే మెత్తబడ్డాయండీ" అంది. పైనున్నవాళ్ళకి కూడా వినబడేట్టు కాస్త గట్టిగానే అంది.

*

బుధవారం పుస్తకం ఇచ్చెయ్యడానికి ఇద్దరూ పల్లెవెలుగు బస్సులో నందిగామ వెళ్ళారు. రామయ్య చొక్కా గుండీలన్నీ ఆవిడే పెట్టింది. చేతిని మెడకి వేలాడదీసే పట్టీ కట్టబోతే ఆయన వద్దన్నాడు. దారిలో ఎవరైనా చూస్తారని, కుడిచేతిని పంచె మడతలో దోపుకుని కూర్చున్నాడు.

కేంద్రం వరండాలో బెంచీ మీద జాయిస్ కనిపించింది. పక్క ఊళ్ళో ఉంటుంది. భర్త ఫ్రాన్సిస్ ట్రాక్టరు తోలేవాడు, ఇప్పుడు చెయ్యి పడిపోయి ఆయనా ఇక్కడికే వస్తున్నాడు. పుస్తకం చూపించి నూనె తీసుకెళ్ళడానికి వచ్చి మూడు నెలలుగా బుధవారాలు కలుస్తుండేసరికి ఇద్దరాడవాళ్ళకీ మంచి చనువు. మగవాళ్ళిద్దర్నీ బెంచీ ఆ చివర కూర్చోబెట్టి, జాయిస్ ఈ చివరికి జరిగింది.

"ప్రసూనక్కా, మీకు ఫోనొచ్చిందా?"

"ఏం ఫోను?"

"సోమారం నించి రమ్మని. మా ఆయనకి అద్దం పెట్టె ఇస్తారంట."

"అద్దం పెట్టేమిటి, జాయిస్?"

"మీకు చెప్పలేదా? మనకిచ్చినయ్యి ఉత్త చెక్కపెట్టెలంటక్కా. సగంమందికి పలక మీద అద్దం ఉన్నయ్యి ఇచ్చారంట, సగంమందికి లేనియ్యి. అద్దంలో మంచి చెయ్యి కదులుతుంటే పడిపోయిందే కదులుతున్నట్టు కనబడద్దంట. అది చూసి చూసి మెదడు మళ్ళీ దారి పట్టద్దంట. ఏది పనిచేస్తదో చూడ్డానికి అట్టా పంచారు."

ప్రసూనాంబకు రామయ్య లెక్కపెట్టుకున్న చారలు గుర్తొచ్చాయి. పన్నెండు వారాలు, రోజుకి రెండుసార్లు. ఆ మనిషి చెక్క వంక చూస్తూ కూర్చున్నాడు. అవతల ఇంకెవరో అద్దం వంక చూస్తూ కూర్చున్నారు. కోపం తన్నుకొచ్చింది గాని ఎవరి మీద చూపించాలో తోచలేదు.

"ఇప్పుడు మరి?"

"చెక్కపెట్టెతో రానోళ్ళకి ఇప్పుడు అద్దంది ఇస్తారు. రోజూ కరెంటు మిషను, దగ్గరుండి ఎక్సర్‌సైజులు, మూణ్ణెల్లు. పన్నెండుమందికేనంట. మనయ్యి ఇద్దరియ్యీ చెక్కయ్యేగా, మీకూ వచ్చుంటదనుకున్నా."

"నువ్వు పుస్తకంలో ఏం రాశావే?"

"ఏం రాస్తా, సున్నాలే. ప్రతి ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్తా గదక్కా, ప్రభువా నా పెనిమిటి చెయ్యి చచ్చుబడిపోయిందయ్యా, చూడయ్యా అని. దేవుడి దగ్గరే దాచంది కాయితం దగ్గర దాస్తానా?"

ప్రసూనాంబ సంచీలో ఉన్న నీలం పుస్తకాన్ని బయటినుంచే గట్టిగా పట్టుకుంది.

లోపల ఉషశ్రీ పిలిచింది. పాతికేళ్ళ పిల్ల, ఫిజియోథెరపిస్టు. రామయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి, పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. మొహం విప్పారింది.

"అబ్బ, ఎంత నీటుగా రాస్తారమ్మా మీరు! ఒక్క వారం కూడా తప్పలేదు."

"అమ్మాయ్, ఆ అద్దం పెట్టెల జాబితాలో..." ప్రసూనాంబ గొంతు సవరించుకుంది. "మావారి పేరుందా తల్లీ?"

"మీకెందుకమ్మా అది? అది అసలు ఇంప్రూవ్‌మెంట్ లేనివాళ్ళకి. సార్‌కి అన్నీ నాలుగులేగా! పదో వారం దాకా ఉన్న మార్కులు చూసే జాబితా వేశారు. మీ పుస్తకం చూసి డాక్టర్ భార్గవ సార్ ఎంత సంతోషపడ్డారో." అని రామయ్య వైపు తిరిగి, "ఏం సార్, గ్లాసు పట్టుకుంటున్నారా?" అంది.

రామయ్య ఆ పిల్ల వంక చూడలేదు. భార్య వంక చూశాడు. చెప్పాల్సింది నువ్వే అన్నట్టు అలా చూస్తూ ఊరుకున్నాడు.

అప్పుడైనా అనాలి. అనాలని ప్రసూనాంబకు తెలుసు. అమ్మాయ్, అవన్నీ నేను వేసిన నాలుగులు, ఆ చెయ్యి చచ్చుబడి ఉంది అని ఒక్క మాట చాలు. కానీ ఆ మాట విని ఆయన మొహం ఏమైపోతుంది? పన్నెండు వారాలు ఆయన నమ్ముకుని కూర్చున్నది ఈ నాలుగుల్నే కదా, అవి కూడా లాగేస్తే ఆ మనిషి లేస్తాడా?

"పట్టుకుంటున్నారమ్మా" అంది.

నోటి నుంచి అది ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. అలవాటు పాడుగాను.

ఉషశ్రీ పుస్తకం బీరువాలో పెట్టేసింది. శుక్రవారం ఆఖరి పరీక్ష ఉంటుందనీ, పదింటికల్లా రావాలనీ చెప్పింది. తర్వాత మామూలుగా, "ఏదైనా మొదటి ఆర్నెల్లలోనే బాగా వస్తుందమ్మా, మీరు చక్కగా వాడుకున్నారు" అని కూడా అంది. తిరుగు బస్సులో చిల్లకల్లు దాటేదాకా ప్రసూనాంబ ఆర్నెల్లలోంచి ఐదు నెలలు తీసేస్తూ కూర్చుంది. ఎన్నిసార్లు తీసినా నెలే మిగిలింది.

*

గురువారం పొద్దున్నే వత్సవాయి నుంచి రత్తయ్య వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా తన పత్తి రామయ్యకే చూపించి ధర కట్టించుకునే రైతు. తువ్వాల్లో కొంచెం దూది మూటగట్టుకొచ్చాడు.

"శెట్టిగారూ, కుర్చీలో కూచున్నారే! బాగానే ఉన్నట్టున్నారు. చెయ్యెట్టా ఉంది?"

"బాగానే ఉంది రత్తయ్యా" అంది ప్రసూనాంబ, భర్త నోరు తెరిచేలోపే.

"అయితే ఇంకేం. ఒక్కసారి పింజ చూసి పెట్టండి. మిల్లు కాడ మిషనోడు ఇరవై ఆరంటున్నాడు. నాకెందుకో నమ్మబుద్ధి కావట్లా."

పింజ అంటే దూదిపోగు పొడవు, మిల్లీమీటర్లలో చెబుతారు. దాన్నిబట్టే ధర. రామయ్య పింజ చూడటం ఒక తీరు. చిటికెడు దూది తీసుకుని, రెండు చేతులా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, టక్కున లాగుతాడు. తెగిన రెండు ముక్కల్నీ ఒకదానిమీదొకటి పేర్చి మళ్ళీ లాగుతాడు. అలా ఏడెనిమిదిసార్లు లాగేసరికి పోగులన్నీ దువ్వినట్టు వరసకొస్తాయి. అప్పుడు నల్ల గొడుగుగుడ్డ మీద వాటిని పరిచి ఓ అంకె చెబుతాడు. ఆ అంకె తప్పిందని బజార్లో ఎవరూ అనగా వినలేదు.

రామయ్య ఎడమచేత్తో దూది తీసుకున్నాడు. కాసేపు వేళ్ళతో నలిపాడు. తర్వాత కుడిచేతిని ఎత్తి బల్లమీద పెట్టుకుని, దాని ముడుచుకున్న వేళ్ళ కిందికి దూది దూర్చి, ఇటువైపు నుంచి లాగాడు. దూది మొత్తం ఊడొచ్చింది. మళ్ళీ దూర్చాడు. మళ్ళీ ఊడొచ్చింది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఉండండి, ఆ చివర నేను పట్టుకుంటా" అని ప్రసూనాంబ గబగబా వచ్చి దూది అందుకుంది. ఆయన లాగాడు. ఆవిడ బిగించి పట్టుకుంది. పోగులు అడ్డదిడ్డంగా తెగాయి. ఈసారి వదులుగా పట్టుకుంది. అసలు తెగనే లేదు.

"అట్లా కాదు. రెండు చేతులూ ఒకడివే అవ్వాలి దీనికి" అన్నాడు రామయ్య మెల్లగా.

రత్తయ్య పైకి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఎటో చూస్తూ, "ఈసారికి మిల్లు కాడే ఇచ్చేస్తాలెండి. తొందరేం లేదు, వచ్చే పంటకి మీరే చూద్దురుగాని" అన్నాడు. దూది బల్లమీదే వదిలేసి వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా రామయ్య కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తర్వాత ఎడమచేత్తో ఆ దూదినంతా ఏరి, చిన్న ఉండచేసి, కిటికీ గూట్లో పెట్టాడు.

ఎండెక్కాక ప్రసూనాంబ సెల్‌ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. బట్టలుతికే రాయి దగ్గరికి, ఇంట్లోకి మాట వినబడనంత దూరం వెళ్ళి ఉషశ్రీకి ఫోను చేసింది. మిట్టమధ్యాహ్నం. దీపాలవేళ కాదు గదా, ఇప్పుడంటే ఫర్వాలేదనుకుంది.

"చెప్పండమ్మా."

"అమ్మాయ్... మావారి చెయ్యి..."

"ఆఁ, చెప్పండి. ఏమైంది?"

 తీగ మీద ఆయన చొక్కా ఆరుతోంది. కుడిచెయ్యి గాలికి ఎగిరెగిరి పడుతోంది. ప్రసూనాంబ దాన్ని చూస్తూ నిలబడిపోయింది.

"రేపు పరీక్షలో ఏం చేయిస్తారు తల్లీ?" అంది చివరికి.

"సింపుల్ అమ్మా. చెక్క దిమ్మెలుంటాయి. కుడిచేత్తో ఒక్కోటీ తీసి ఈ అరలోంచి ఆ అరలో వెయ్యాలి. నిమిషంలో ఎన్ని వేస్తే అన్ని మార్కులు. భార్గవ సార్ కూడా ఉంటారు."

ఫోను పెట్టేశాక ఆమెకు ఓ దారి కనిపించింది. తను నోరు తెరవక్కర్లేదు. రేపు దిమ్మెలే చెబుతాయి. డాక్టరు కళ్ళారా చూస్తాడు, జాబితాలో పేరు రాస్తాడు. తన నోరూ మైలపడదు, ఆయనకి అద్దమూ వస్తుంది. వేదాద్రి నరసింహస్వామికి అక్కడే పెరట్లో నిలబడి మొక్కుకుంది. ఏమని మొక్కుకుందో మాత్రం ఆమెకు సరిగ్గా తెలియలేదు.

*

శుక్రవారం పరీక్ష గదిలో బల్లమీద పెట్టె లాంటి పళ్ళెం ఉంది. మధ్యలో అడ్డుగోడ. ఒకవైపు అరలో రంగు దిమ్మెలు గుట్టగా పోసి ఉన్నాయి. డాక్టర్ భార్గవ కిటికీ దగ్గర కూర్చుని ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు. నలభై నిండని మనిషి, మర్యాదస్తుడు. రామయ్యని చూసి లేచి నమస్కారం పెట్టాడు.

"మొదలుపెడదామా సార్?" అని ఉషశ్రీ చేతిలో గడియారం నొక్కింది.

రామయ్య కుడిచెయ్యి బల్లమీద ఉంది. ఆయన దాని వంక చూశాడు. భుజం కొద్దిగా పైకి లేచింది. భుజంతోపాటు చెయ్యి మొత్తం ఒక అంగుళం ముందుకి జరిగి దిమ్మెల గుట్టకు తగిలింది. ఎర్ర దిమ్మె ఒకటి దొర్లింది.

అప్పుడు ప్రసూనాంబ లోపల ఓ గొంతు 'వద్దు' అంది. 'కదలొద్దు స్వామీ. ఒక్క నిమిషం కదలనీకు.'

ఆ మాట తనదే. ఐదు నెలలుగా ఏ చెయ్యి కదలాలని ఉపవాసాలున్నదో, ఆ చెయ్యి కదలొద్దని మొక్కుతోంది! గబుక్కున చెంపలేసుకుంది. అయినా లోపల ఆ గొంతు ఆగలేదు. ఎత్తితే జాబితాలోకి పేరెక్కదు. ఎత్తకు. ఎత్తకండి. ఉషశ్రీ గడియారం టిక్కు టిక్కుమంటోంది. రామయ్య మెడ నరాలు ఉబ్బాయి, ఎడమచెయ్యి తొడమీద పిడికిలి బిగుసుకుంది, కుడిచేతి వేళ్ళు మాత్రం ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉన్నాయి.

"టైమ్" అంది ఉషశ్రీ. కాగితం మీద సున్నా వేసింది.

భార్గవ లేచొచ్చాడు. నీలం పుస్తకం తెప్పించి, ఆ సున్నా పక్కన పెట్టుకుని చూశాడు. "ఇవాళ అలసిపోయినట్టున్నారు. బస్సు ప్రయాణం కదా. ఇంట్లో బాగానే చేస్తున్నారుగా అమ్మా? అలసట అని రాయి ఉషా."

ఉషశ్రీ కలం కాగితానికి తగిలింది.

"లేదండి" అంది ప్రసూనాంబ.

ముగ్గురూ తలెత్తారు.

"అలసట కాదండి. లేదు. ఇంట్లోనూ లేదు. ఒక్క వేలు లేదు." మొదటి మాట రాళ్ళు పెగిలించినట్టు వచ్చింది గాని, తర్వాత ఆగలేదు. "గ్లాసు పట్టుకోలేదండి. గడియ తియ్యలేదు. గుండీలు నేనే పెడుతున్నా. అన్నం నేనే కలిపి నేనే తినిపిస్తున్నా. మొదటి వారం నించీ అంతే. ఆ చెయ్యి చచ్చుబడిపోయింది బాబూ, కర్రలా ఉంది. ఆ నాలుగులన్నీ నావి. నేను చుట్టినవి. మా ఆయన పేరు రాయండి. మీకు దణ్ణం పెడతా, అద్దం పెట్టె ఇవ్వండి."

అన్నంతసేపూ భర్త వైపు చూడలేదు. చూస్తే మళ్ళీ నాలుగనేస్తుందని భయం.

భార్గవ పుస్తకం మూశాడు. "మరి ఎందుకు రాశారమ్మా ఇలా?" అన్నాడు. కోపం లేదు, అర్థంకాక అడిగాడు.

"మేం ఇళ్ళల్లో 'లేదు' అనం బాబూ. అంటే నిజమవుతుందని."

ఉషశ్రీ చిన్నగా అంది. "సార్, నిన్న మైలవరం రత్నమణిగారి భర్త కూడా ఒక్క దిమ్మె ఎత్తలేదు. ఆమె పుస్తకంలోనూ నాలుగులే. అలసట అని రాశాం."

డాక్టరు బీరువా దగ్గరికి వెళ్ళి నీలం పుస్తకాలు ఓ చేతికి వచ్చినన్ని తీశాడు. ఒకటి తెరిచాడు. ఇంకొకటి తెరిచాడు. నాలుగులు, మూడులు, నాలుగులు. అన్నీ ఇంటి ఆడవాళ్ళు చుట్టినవే, అన్నీ శుభ్రంగా, ఒక్క వారం తప్పకుండా. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"చెక్కపెట్టెతో కూడా ఇంతమందికి బాగైందంటే అద్దంతో పనే లేదని రాయబోతున్నాం" అన్నాడు ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు.

"మరి మావారి పేరు?"

"జాబితా పోయిన వారమే పైకి వెళ్ళిందమ్మా. అనుమతి కూడా వచ్చేసింది. పన్నెండుకి మించి ఒక్కర్ని చేర్చాలన్నా నా చేతిలో పని కాదు. పరిశోధన సంగతి నేను సరిచేస్తాను, ఇదంతా మళ్ళీ చూడాలి. వచ్చే ఏడాది ఇంకో విడత ఉంటే తప్పకుండా..."

"ఆర్నెల్లలోనే రావాలన్నారుగా! ఇంకా నెలే ఉంది!" ప్రసూనాంబ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. "తప్పు నాది బాబూ. రాసింది నేను. ఆయనకెందుకు శిక్ష? ఒక మూల కూర్చోబెట్టండి. ఆ పన్నెండుమందీ వెళ్ళిపోయాక అయినా ఫర్వాలేదు, పావుగంట ఇవ్వండి చాలు."

భార్గవ తల దించుకుని "చూస్తానమ్మా" అన్నాడు. చూస్తానంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు.

రామయ్య ఎడమచేత్తో కుడిచేతిని తీసి పంచె మడతలో దోపుకున్నాడు. లేచి నిలబడి, "వస్తామండి డాక్టరుగారూ. పద ప్రసూనా" అన్నాడు.

మెట్ల దగ్గర ఉషశ్రీ పరుగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "అమ్మా, నేను చెప్పకూడదు గాని, ఆ పెట్టెకుండేది మామూలు అద్దమేనమ్మా. మూరెడు పొడవుంటే చాలు. నేనెప్పుడైనా జగ్గయ్యపేట వస్తే చూస్తాను" అని చెప్పి, ఎవరో పిలిస్తే లోపలికి వెళ్ళిపోయింది.

*

బస్సులో ఆయన దారి పొడుగునా పత్తిచేల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరాక కాళ్ళు కడుక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ప్రసూనాంబ వంటింటి గడప మీద కూలబడింది. అన్నం వండబుద్ధి కాలేదు, దీపం పెట్టబుద్ధి కాలేదు. నమ్మించినన్నాళ్ళూ నమ్మించి, నలుగురి ముందూ ఆ చేతిని చంపేసి వచ్చింది. పోనీ దానివల్ల ఒరిగిందేమైనా ఉందా? అదీ లేదు.

"ప్రసూనా."

వెళ్ళి నిలబడింది.

"నాకు తెలీదనుకున్నావా? నా చెయ్యేగా" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదండీ? మొన్న ఆ పిల్ల అడిగినప్పుడైనా..."

"నువ్వు నాలుగు చుట్టేటప్పుడు నీ మొహం చూసేవాణ్ణి. వారానికి ఆ కాసేపే నీ మొహం తేటగా ఉండేది. అది చెడగొట్టడానికి మనసొప్పలేదు." పంచె మడతలోంచి కుడిచేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.  "కానీ ప్రసూనా, ఈ ఇంట్లో నా చెయ్యి పోయిందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయిపోయా. ఐదు నెలలు ఒక్కణ్ణే. అది మహా కష్టంగా ఉండేదే."

ప్రసూనాంబ ఆయన ముందు కింద కూర్చుని, ఆ ముడుచుకున్న వేళ్ళమీద మొహం పెట్టుకుని ఏడ్చింది. మెత్తబడ్డాయని అనలేదు. ఆయన ఎడమచెయ్యి ఆమె తలమీద వేశాడు.

చీకటిపడుతుండగా లేచి దీపం పెట్టింది. తర్వాత హాల్లో గోడకున్న అద్దం, తను రోజూ బొట్టు పెట్టుకునేది, మేకు నుంచి తీసింది. కొంగుతో తుడిచింది. పెట్టె పలకకు ఆనించి, లంగా నాడాతో రెండు చుట్లు కట్టింది. కాస్త వంకరగా నిలిచింది. అడుగున అట్టముక్క పెట్టి సరిచేసింది.

రామయ్య కుడిచేతిని పెట్టెలో పెట్టాడు. ఎడమచెయ్యి అద్దం ముందుంచి తెరిచాడు. అద్దంలో కుడిచెయ్యి తెరుచుకుంది. ఆయన ఊపిరి బిగబట్టాడు. మూశాడు. అదీ మూసుకుంది. 

"ఆ గూట్లో దూది ఇటివ్వు" అన్నాడు.

ఆవిడ రత్తయ్య వదిలిన దూది ఉండ తెచ్చి, చిటికెడు తీసి ఆయన ఎడమచేతి వేళ్ళకిచ్చింది. ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని పట్టి, అవతలి చివర ఆవిణ్ణి పట్టుకోమని, అద్దంలోకే చూస్తూ మెల్లగా లాగాడు. అద్దంలో ఆయన కుడిచెయ్యి పింజ లాగింది. ఆవిడ ఈసారి మరీ బిగించకుండా, మరీ వదులు చెయ్యకుండా పట్టుకుంది. అలా నాలుగైదుసార్లు లాగాడు. పోగులు కొద్దికొద్దిగా వరసకొస్తున్నాయి.

"ఇరవై ఎనిమిదికి తక్కువుండదు. మిషనోడు మోసం చేశాడు రత్తయ్యని" అన్నాడు. కళ్ళు మాత్రం అద్దంలోంచి తియ్యలేదు. అద్దం అవతల పెట్టె లోపల ఏముందో ఆయనకి కనబడదు. కనబడేది ఆవిడకొక్కదానికే.

"చూడు. లోపల ఏమన్నా కదిలిందా?"

ప్రసూనాంబ వంగి పెట్టెలోకి చూసింది. దీపం ఆమె వీపు వెనక వెలుగుతోంది. సరిగ్గా ఆ వేళే. పైన ఎవరు తిరుగుతున్నారో తిరగనీ.

"లేదండి" అంది పైకే. "కదల్లేదు."

రామయ్య తల ఊపాడు. మళ్ళీ ఓ చిటికెడు దూది తీసుకుని అద్దం ముందు పెట్టుకున్నాడు.

"సరే. మళ్ళీ లాగుతా, మళ్ళీ చూడు" అన్నాడు. "చూసింది చూసినట్టే చెప్పు."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగింది.